డాక్టరమ్మ కబుర్లు: విమానం రాని రోజు

కిందటి నెల కొలెస్టరాల్ గురించి రాస్తూ చివర్న, వచ్చే ఆగస్టులో మేము నలుగురం అలాస్కా వెళ్ళి గాలం వేసుకునే ఆలోచనలో వున్నామని ఒక్క వాక్యం జారవిడిచాను. కొలెస్టరాల్ గురించి ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. అలాస్కా గురించి పదకొండు మంది చేశారు. "గైడు లేకుండానా?", "ఎలుగుబంట్లు వుంటాయిట గదా?", "శాకాహారులు ఏం తినాలి?" - ఇవీ ప్రశ్నలు. సంపాదకులు కూడా "రక్తపోటు వచ్చే నెల చూద్దాం, ముందు చేపల సంగతి రాయండి" అన్నారు. సరే, వారి మాట కాదనటం దేనికి?

ఫ్లై ఫిషింగ్ ఎరగని వారికి రెండు ముక్కలు. ఇది మన చెరువు గట్టున వెదురు కర్రకు వానపాము గుచ్చి కూర్చోవటం లాంటిది కాదు. ఇందులో ఎర వుండదు. చిన్న కొక్కేనికి ఈకలూ బొచ్చూ దారంతో చుట్టి, పురుగులాగానో చేపపిల్లలాగానో కనిపించే బొమ్మ కడతారు. దాన్నే ఫ్లై అంటారు. దానికి బరువుండదు గనక విసిరితే పోదు. అందుకని లావుపాటి లైను తన బరువుతోనే దాన్ని మోసుకుపోయేట్టు కర్రను వెనక్కూ ముందుకూ ఝళిపించాలి. ఆ ఝళిపింపు చేతికి రావటానికి నాకు రెండు వేసవులు పట్టింది.

ఇక గైడు లేని క్యాంపు అంటే ఏమిటంటే, క్యాంపు యజమాని నీటి మీద వాలే విమానంలో మనల్ని తీసుకుపోయి ఏటి ఒడ్డున దింపుతాడు. అక్కడ గుడారాలు, పొయ్యి, రబ్బరు పడవ, చుట్టూ ఎలుగులు రాకుండా కరెంటు తీగ వుంటాయి. ఆరు రోజుల తరవాత వచ్చి తీసుకుపోతాడు. ఈ మధ్యలో మనమే వంటవాళ్ళం, మనమే పడవ సరంగులం, మనమే వైద్యులం. గైడూ వంటమనిషీ వుండే లాడ్జితో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ. కానీ గైడు చేసే పని ఎక్కడికీ పోదు. అది ఫిబ్రవరి నెలలోనే మన డైనింగ్ టేబులు మీదికి వచ్చి కూచుంటుంది. ఏ కర్ర కొనాలి, ఏ ఫ్లై కట్టాలి అన్నది అందరూ ముందు మాట్లాడుకునే విషయం, మహా సరదాగా వుంటుంది. నేను మాత్రం మొదట కాగితం మీద రాసుకునేది ఒకటే: చెప్పిన రోజున విమానం రాకపోతే ఏం చేస్తాం?

మేము అనుకుంటున్నది అలాస్కా నైరుతి మూల, బ్రిస్టల్ బేలో కలిసే నదుల ప్రాంతం. యాంకరేజి నుంచి డిల్లింగ్‌హామ్ దాకా మామూలు విమానం. ఆ ఊరికి బయటనుంచి రోడ్డు లేదు. అక్కణ్ణుంచి నీటి విమానం. ఊరికి ఉత్తరాన వుడ్-టిక్‌చిక్ స్టేట్ పార్కు వుంది. 1978లో ఏర్పడింది, దాదాపు 16 లక్షల ఎకరాలు, అమెరికాలోని రాష్ట్ర పార్కులన్నిట్లోకీ పెద్దది. సరస్సులూ వాటిని కలిపే ఏళ్ళూ తప్ప మరేమీ కనిపించవు. (ఒక చిన్న హెచ్చరిక: చవగ్గా వస్తుందని వాంకూవర్ మీదుగా టిక్కెట్టు కొనకండి. మనలో గ్రీన్ కార్డు ఇంకా రానివారు భారతీయ పాస్‌పోర్టుతో కెనడాలో విమానం మారాలంటే వీసా అవసరమవుతుంది. సియాటిల్ మీదుగా వెళ్తే ఆ గొడవే లేదు.)

నెల ఎంచుకోవటంలోనే సగం ప్లాను వుంది. జూన్ చివర, జూలైలో సాకై సాల్మన్లు సముద్రంలోంచి గుంపులు గుంపులుగా ఏరెక్కుతాయి. 2022లో బ్రిస్టల్ బేకి సుమారు 7 కోట్ల 90 లక్షల సాకైలు వచ్చాయని లెక్క వేశారు, అది రికార్డు. చూడవలసిన దృశ్యమే, కానీ దోమలు కూడా అదే లెక్కన వస్తాయి. తలకు వల లేకుండా నోరు తెరిచి మాట్లాడలేం. ఆగస్టులో సిల్వర్ సాల్మన్లు వస్తాయి, దోమలు తగ్గుతాయి, వానలు పెరుగుతాయి. ఆగస్టు చివరికి సాకైలు గుడ్లు పెట్టి చనిపోతుంటాయి. వాటి వెనకే రెయిన్‌బో ట్రౌట్లు కొట్టుకువచ్చే గుడ్లనూ, ఊడిన మాంసపు పీలికలనూ తింటూ బలుస్తాయి. అప్పుడు పురుగులాంటి ఫ్లై కంటే గుడ్డులాంటి గులాబీరంగు పూసకే గిరాకీ ఎక్కువ. మేము ఆగస్టు మూడో వారం అనుకున్నాం. సిల్వర్లకు 8వ నంబరు కర్ర, ట్రౌట్లకు 6వ నంబరు, మనిషికి రెండు కర్రలు. కర్రలు విరుగుతాయి, అక్కడ దుకాణం లేదు గదా! పదహారేళ్ళు దాటిన బయటి రాష్ట్రాల వాళ్ళందరికీ లైసెన్సు వుండాలి, యింట్లో కూర్చునే కొనుక్కోవచ్చు. చాలా ఏళ్ళలో ఒంటి కొక్కెమే వాడాలి, ఎర తగిలించకూడదు, ట్రౌట్‌ను తిరిగి వదిలెయ్యాలి. ఏ ఏటికి ఏ రూలో రాష్ట్ర మత్స్యశాఖ ఏటా వేసే పుస్తకంలో చూసి, ఆ పేజీ వెంట తీసుకువెళ్ళటం మంచిది.

ఇక విమానం. ఆ ప్రాంతంలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది బీవర్. కెనడాలో 1947లో మొదటిసారి ఎగిరింది, 1967తో తయారీ ఆగిపోయింది. మనలో చాలామంది కంటే వయసులో పెద్దది. మనుషులూ సామానూ కలిపి ఎంత మోస్తుందో పైలట్ చెబుతాడు, ఆ అంకె దగ్గర బేరం లేదు. చాలా క్యాంపుల వాళ్ళు మనిషికి 50 పౌన్ల సామాను అంటారు. మన బరువు కూడా అడుగుతారు. అక్కడ మాత్రం పెళ్ళిచూపుల అంకె చెప్పకండి, ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ విమానాన్ని పైలట్ కళ్ళతో నేలను చూస్తూ నడుపుతాడు. కొండల మీద మబ్బు కిందికి దిగిందంటే రాడు, రాకూడదు కూడా. తొందరపెట్టి రప్పించిన పైలట్ కంటే రాని పైలటే మనకు ఆప్తుడు.

రెండేళ్ళ క్రితం వేరే క్యాంపులో మాకు ఇదే జరిగింది. ఆరో రోజు ఉదయం సంచులన్నీ సర్దుకుని ఒడ్డున కూర్చున్నాం. అవతలి ఒడ్డు కనిపించటం మానేసింది. రెండు రాత్రులు అలాగే వుంది. మొదటి రోజు పేకాట. రెండో రోజు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ప్రతి మబ్బు చప్పుడూ ఇంజను చప్పుడులాగానే వినిపించింది. తిండి సరిపోయింది. తక్కువ పడినది మందు. మాలో ఒకాయన థైరాయిడ్ మాత్రలు రోజులు లెక్కపెట్టి తెచ్చుకున్నాడు. థైరాయిడ్ మాత్ర రెండు రోజులు లేకపోతే ఏమీ కాదు, నవ్వుకున్నాం. అదే మూర్ఛ మందయితే, ఇన్సులిన్ అయితే నవ్వుకునేవాళ్ళం కాదు.

కాబట్టి తిండి లెక్క ఆరు రోజులకు కాదు, తొమ్మిది రోజులకు. మన వంట ఇందుకు బాగా పనికొస్తుంది, ఈ మాట అమెరికన్లకు చెబితే నమ్మరు. వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, బియ్యం, పెసరపప్పు (కందిపప్పు వద్దు, ఉడికేసరికి పొయ్యి గ్యాసు అయిపోతుంది), చింతపండు, కందిపొడి, సున్నుండలు. ఆవకాయ గాజు సీసాలో వద్దు, మూత బిగువైన ప్లాస్టిక్ డబ్బాలో పోసి రెండు సంచుల్లో చుట్టండి. శాకాహారులకు ఇంతకంటే నేను చెప్పేది లేదు, వాళ్ళు మాకంటే బాగానే తింటారు. పొయ్యి గ్యాసు డబ్బాలు ప్రయాణీకుల విమానంలో ఎక్కించరు, క్యాంపు వాళ్ళనే ముందుగా పెట్టమనాలి. వంట మాత్రం గుడారాలకు కనీసం వంద గజాల దూరాన. ఇంగువ పోపు వాసన మనకెంత దూరం తెలుస్తుందో, ఎలుక్కు అంతకు ఎన్నో రెట్ల దూరం తెలుస్తుంది. తినేవే కాదు, పళ్ళపొడి, తలనూనె కూడా గుడారంలో పెట్టుకోకూడదు. ఏటి నీళ్ళు అద్దంలా వుంటాయి, అయినా ఒక నిమిషం తెర్లనివ్వందే తాగొద్దు. జియార్డియా అనే పరాన్నజీవి ఏటి ఒడ్డున ఊరుకున్నా, వారం తరవాత యింట్లో బాత్‌రూములో పలకరిస్తుంది. ఇంకో సంగతి. తాజా చేప గదా అని పచ్చిగా సుషీ చేద్దామనే కుర్రాళ్ళు వుంటారు. అలాస్కా సాల్మన్‌లో జపానులో కనిపించే జాతి బద్దెపురుగు పిల్లలున్నట్టు 2017లో శాస్త్రజ్ఞులు ప్రచురించారు. మన పద్ధతిలో ఉడికించి పులుసు పెట్టుకుంటే ఏ భయమూ లేదు.

మందులు కూడా తొమ్మిది రోజులకు లెక్క, అదీ రెండు వాటాలుగా, ఇద్దరి సంచుల్లో. ఒక సంచి ఏట్లో పడ్డా రెండోది వుంటుంది. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు. రాత్రిళ్ళు చలి పెరిగితే ఒంటికి దగ్గరగా, పడక సంచిలోనే పెట్టుకోవాలి. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వేసుకునేవారు, వాంతులో విరేచనాలో పట్టుకుని తిండి ఆగితే ఆ మాత్ర ఎప్పుడు ఆపాలో తమ డాక్టరును ముందే అడిగి రాయించుకుని రండి. చక్కెర మామూలుగా వున్నా రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం వుంది. మనిషికొక కాగితం: పేరు, జబ్బులు, మందులు, పడని మందులు, ఇంటి ఫోను. అది నా దగ్గర ఒకటి, డాక్టరు కాని ఇంకొకరి దగ్గర ఒకటి. ఏట్లో పడేది నేనే కావచ్చు గదా.

ఇప్పుడు అసలు చిక్కు. మా నలుగురిలో ఒక పెద్దాయన వున్నారు. నన్ను ఈ గాలం పిచ్చిలోకి దింపింది ఆయనే. నాకు అన్నయ్యగారి లాంటివారు. జనవరి చివర గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. ఆయన గురించి రాయటానికి ఆయన ఒప్పుకున్నారు, "పేరు రాయకు, వయసు రెండేళ్ళు తగ్గించు" అన్న షరతు మీద. అంచేత 57 అనుకోండి. ఆగస్టుకు ఆరు నెలలు దాటుతాయి. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగా వచ్చింది, ఆయన హృద్రోగ వైద్యుడు నడవమనీ ఈదమనీ చెప్పాడు. "ఇంకేం కావాలమ్మా?" అన్నారు.

ట్రెడ్‌మిల్ చెప్పేది గుండె ఎంత పని చెయ్యగలదో. సహాయం ఎంత దూరంలో వుందో అది చెప్పదు. గుండెపోటుతో ఆసుపత్రి గుమ్మం తొక్కిన మనిషికి 90 నిమిషాల్లోగా మూసుకున్న రక్తనాళం తెరవాలన్నది ఇక్కడి ప్రమాణం. మా క్యాంపుకు ఆ గుమ్మం యాంకరేజిలో వుంది, అదీ మబ్బు లేకపోతే. పైగా గుండెపోటు వచ్చి స్టెంటు వేసినవారు మామూలుగా ఏడాదిపాటు రక్తం పలచబరిచే మాత్రలు రెండు వేసుకోవాలి. రాళ్ళ మీద జారి తల కొట్టుకుంటే ఆ మాత్రలే శత్రువులు. మనవాళ్ళకు ఈ జబ్బు తొందరగా వస్తుందన్నది కొత్త సంగతి కాదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావారి లెక్కలు 2007లో వచ్చాయి. మొదటి గుండెపోటు మధ్యస్థ వయసు మనవాళ్ళకు 53, మిగతా దేశాలవారికి 59 దాకా. నేను ఆయన డాక్టరును కాను. కానీ ఈ ప్రయాణానికి ప్లాను వేస్తున్నది నేను. "ఈ ఏడు వద్దండీ" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. "పోతే నేనే పోతాను, హాయిగా ఏట్లో నిలబడి పోతాను. నీకేమిటమ్మా బాధ?" అన్నారు.

"పోయేది మీరే. ఆ రబ్బరు పడవలో మిమ్మల్ని పడుకోబెట్టుకుని, మబ్బు వంక చూస్తూ రెండు రోజులు కూర్చోవలసినవాళ్ళం మేము ముగ్గురం. మాలో ఒకరు మీ బావమరిది" అన్నాను.

ఫోను పెట్టేశారు. వారం తరవాత వదినగారు చేశారు. ఆవిడ ఏమన్నారో రాయను. చివరికి తేలింది ఇది: యాంకరేజి నుంచి సుమారు వంద మైళ్ళ దూరంలో, మంచి రోడ్డు మీద, కీనై నది ఒడ్డున కూపర్ లాండింగ్ అనే ఊరుంది. మేము మూడు రోజులు ముందే వెళ్ళి ఆయనతో అక్కడ గాలం వేస్తాం. గైడున్న పడవ, రాత్రికి మంచం, ఫోను, అంబులెన్సు వచ్చే దారి. తరవాత ఆయన, వదినగారు యాంకరేజి తిరిగొస్తారు, మేము డిల్లింగ్‌హామ్ వెళ్తాం. ఆయన సరేనన్నారు గానీ, నాతో మాట్లాడేటప్పుడు ఇంకా "డాక్టరు గారూ" అంటున్నారు, "అమ్మాయ్" అనటం లేదు.

ప్రమాదం అనగానే అందరూ ఎలుగును అడుగుతారు. నేను ఎక్కువ భయపడేది కొక్కేనికీ చల్లటి నీటికీ. ఝళిపించే లైను కొసన వున్నది ఇనప ముల్లు. కళ్ళజోడు లేకుండా ఎవరూ కర్ర పట్టకూడదు. కొక్కేనికుండే ఎదురు ముల్లును పట్టకారుతో నొక్కెయ్యండి. చేపకూ మంచిది, మనకూ మంచిది. వేల్లో గుచ్చుకుంటే ఒక ఉపాయం వుంది. గట్టి దారం కొక్కెం వంపు చుట్టూ వేసి, రెండో చేత్తో కొక్కెం కాడను చర్మానికి అదిమిపెట్టి, కాడకు సమాంతరంగా వెనక్కు ఒక్క ఊపున లాగాలి. వచ్చేస్తుంది. నెమ్మదిగా లాగితే రాదు, నొప్పి మాత్రం వస్తుంది. కంట్లో గుచ్చుకుంటే మాత్రం ముట్టుకోవద్దు. పైన కాగితం కప్పు బోర్లించి కట్టి, విమానం కోసం కబురు పెట్టాలి. టెటనస్ సూది పదేళ్ళలోపుదై వుండాలి. బురద గాయమైతే అయిదేళ్ళే లెక్క, కనక బయల్దేరేముందే చూసుకోండి.

చల్లటి నీట్లో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవటానికే. ఆ తరవాత చేతులూ కాళ్ళూ మాట వినేది సుమారు పది నిమిషాలు. స్పృహ తప్పటానికి గంట దాకా పట్టవచ్చు. చాలామంది ఆ గంట చివర్లో కాదు, మొదటి నిమిషంలోనే నీళ్ళు మింగి పోతారు. అందుకని పడవలో లైఫ్ జాకెట్టు, ఏట్లో దిగితే వేడర్ల మీద నడుముకు బెల్టు, మోకాలు దాటితే ఒంటరిగా దిగకపోవటం - ఇవి మా క్యాంపు చట్టాలు.

ఎలుగు కనిపిస్తే పరుగెత్తొద్దు. నలుగురూ ఒకచోట చేరి గట్టిగా మాట్లాడుతూ నెమ్మదిగా పక్కకు తప్పుకోవాలి. తెలుగులో మాట్లాడినా ఫరవాలేదు. గాలానికి చేప తగిలి వుండగా ఎలుగు వస్తే లైను తెంపెయ్యాలి, చేప కొట్టుకునే చప్పుడే దానికి భోజనం గంట. మిరప ఘాటు స్ప్రే విమానాశ్రయంలో సామానులో పెట్టనివ్వరు, అక్కడే కొనాలి. నీటి విమానం పైలట్ దాన్ని లోపల కాకుండా కింది తేలుడు డొప్పల్లో పెడతాడు. లోపల పేలితే ఆయన కళ్ళు కూడా మండుతాయి గదా. అది నడుముకు వుండాలి, సంచిలో కాదు. ఆడవాళ్ళు నన్ను పక్కకు పిలిచి అడిగే ప్రశ్న ఒకటి వుంది: నెలసరి రోజుల్లో ఎలుగు వాసన పసిగడుతుందా అని. గోధుమరంగు ఎలుగులు, నల్ల ఎలుగులు దానివల్ల మనుషుల మీదికి వస్తాయనటానికి ఆధారం దొరకలేదు. వాడినవి మూత గట్టిగా పడే సంచిలో వేసి తిండి సామానుతో పాటు దూరంగా భద్రం చేస్తే చాలు.

కబురు పంపటానికి అరచేతిలో పట్టే శాటిలైట్ మెసెంజర్ అద్దెకు తీసుకుంటున్నాం. 2022 నుంచి కొన్ని ఫోన్లు కూడా ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపుతున్నాయి. కానీ ఒక్కదాని మీద ఆధారపడం. ఇంట్లో వున్నవాళ్ళకు కూడా ఒక కాగితం ఇస్తాం: ఏ రోజు దాకా కబురు రాకపోయినా కంగారు పడక్కర్లేదు, ఏ రోజు ఎవరికి ఫోన్ చెయ్యాలి అని. మా అమ్మ దాన్ని రెండుసార్లు చదివి, "మూడు రోజులు ఆలస్యమైనా కంగారు పడొద్దని రాశావు, అది మాత్రం నేను ఒప్పుకోను" అంది. అక్కడ చిన్న సవరణ చేశాం. మెసెంజర్‌లో రోజూ రాత్రి ఒక ముక్క ఆవిడకే.

పట్టి వదిలెయ్యటం ఏమిటని మా మామగారు అడిగారు. గోదావరి జిల్లా మనిషి, పులస పేరు చెబితే కళ్ళు చెమరుస్తాయి. పులస కూడా సాల్మన్‌లాగే సముద్రంలోంచి వరదనీటికి ఎదురెక్కే చేపే. కానీ 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దానికి పై దారి మూసుకుపోయింది. పొలాలకు నీళ్ళొచ్చాయి, చేపకు దారి పోయింది. బ్రిస్టల్ బే నదులకు ఆనకట్టలు లేవు. "మేము తినటానికి రూలు ఒప్పుకున్నన్ని సిల్వర్లు వుంచుకుంటాం, ట్రౌట్‌లు మాత్రం వదిలేస్తాం" అన్నాను. "వదిలే ముందు ఫోటో అయినా తియ్యి" అన్నారు. చేపను నీళ్ళలోనే వుంచి తీస్తామని చెప్పలేదు, దిగులు పడతారు. పులుసు పెట్టిన సిల్వర్ల అవశేషాలు ఒడ్డున పడెయ్యకుండా ముక్కలు చేసి లోతైన ప్రవాహంలో వెయ్యాలి, లేకపోతే రాత్రికి చుట్టాలు వస్తారు.

అన్నయ్యగారు తప్పుకోవటంతో క్యాంపులో నాలుగో చోటు ఖాళీ అయింది. గాలం వెయ్యటం రాకపోయినా ఫరవాలేదు, మే నెలలో పార్కులో గడ్డి మీద నేర్పుతాను. బయానా కట్టాలి కనక రాదలచినవారు ఏప్రిల్ 10 లోగా చెప్పండి. వచ్చేటప్పుడు మందుల జాబితా, నిజమైన బరువు రాసుకుని రండి. వంట బాగా వచ్చినవారికి ప్రాధాన్యం.

వచ్చే నెల రక్తపోటు. ఈసారి తప్పదు.